ఇరవయ్యో నిమిషం

ముందు చలి లోపలికొస్తుంది, తర్వాత మనిషి.
ఉలాన్‌బాతర్‌లో జనవరి అంటే అంతే.
నా కొట్టులో చేతులు చాపితే
రెండు గోడలూ తగులుతాయి.

కోటు లోపల, కడుపుకి ఆనించుకుని,
పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చింది లాప్‌టాప్‌ని.
ఉయాంగ. స్కూలు బ్యాడ్జీ మీద చదివాను పేరు.
"ఏది మారిస్తే ఆట బాగా ఆడుతుంది?"
నూట అరవై వేల తుగ్రిక్‌లు బల్ల మీద పెట్టింది,
వేళ్ళు మాత్రం నోట్ల మీంచి తియ్యలేదు.

అందరూ అడిగేదే.
ర్యామ్ అంటే వంటింటి గట్టు,
వెడల్పయితే ఒకేసారి ఎక్కువ గిన్నెలు పడతాయి.
ఎస్‌ఎస్‌డీ అంటే తలుపు,
తొందరగా తెరుచుకుంటుంది గానీ
లోపలికెళ్ళాక నీ యుద్ధం నీదే.
ఇక గ్రాఫిక్స్ చిప్పు...
దాన్ని పుట్టుకతోనే బోర్డుకి అతికించి పంపారమ్మా,
నుదుటి రాత లాంటిది,
నా స్క్రూడ్రైవర్ అంత దూరం పోదు.

తల ఊపింది. ఇవన్నీ తనకి ముందే తెలుసు.
నోటుబుక్కులో గళ్ళు గీసుకుని మరీ వచ్చింది,
ర్యామ్ పక్కన మూడు చుక్కలు.

నా చెయ్యి అప్పటికే ర్యామ్ డబ్బా మీద ఉంది.
నెలాఖరు. కొట్టద్దె బాకీ.
అమ్మేస్తే మోసమేమీ కాదు,
ఎంతో కొంత మేలు దానివల్లా ఉంటుంది.
ఎందుకో నోరు అడిగేసింది:
"మొదటి నిమిషం నుంచే తడబడుతుందా,
కాసేపయ్యాకా?"

ఇరవయ్యో నిమిషం, అంది.
తడుముకోలేదు.
అప్పటిదాకా బాణంలా పోతుందట,
సరిగ్గా శత్రువు ఎదురయ్యే వేళకి
కాళ్ళకి బురద చుట్టుకున్నట్టు అవుతుందట.
ఒక్కసారి మాత్రం, అంది, కొంచెం సిగ్గుపడి,
నవంబరులో పొయ్యి పొగ పట్టలేక
తలుపు బార్లా తీసి ఆ పక్కనే కూర్చుని ఆడాను,
వేళ్ళు కొంకర్లు పోయాయి గానీ
రెండు గంటలు ఎక్కడా ఆగలేదు.
అదృష్టం అనుకున్నాను.

డబ్బా మీంచి చెయ్యి తీశాను.

పన్నెండు మరలు. అడుగు పలక.
ఫ్యాను రెక్కల వెనక
బూడిదరంగు దిండొకటి
ఇంటి పెద్దలా ఒత్తుగా కూర్చుని ఉంది.
పట్టకారుతో లాగితే తెగకుండా ఒక్క ముక్కగా వచ్చింది.
బొగ్గు మసి, కుక్క వెంట్రుక, మిగతాదంతా ఉన్ని.
"అమ్మ ఫెల్టు చెప్పులు కుడుతుంది,
నేనాడుకునే మంచం మీదే," అంది,
అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ.
చెప్పుకి చాలదు.
బొమ్మకి టోపీ అవుతుందేమో.

సున్నంలా పెచ్చులూడుతున్న పాత పేస్టు గీకేసి
కొత్తది కందిగింజంత పెట్టి, మరలు బిగించి,
పదిహేను వేలు, అన్నాను.

"అంతేనా?"

ఆ మాటలో సంతోషం లేదు.
నాలుగు నెలలు మిగిల్చిన బస్సు డబ్బులు,
మంచులో నడిచిన నడక,
వాటికి తగ్గ పెట్టె ఒకటి చేతికి రావాలి కదా,
మెరిసే కవరు, చింపడానికి ఒక అంచు.
నేనేమిచ్చాను? ఉన్నదాన్ని తీశాను.
ర్యామ్ అర ఇంకొకటి ఖాళీగానే ఉంది, అన్నాను,
ఆడి చూడు, చాలకపోతే వచ్చే నెల రా.

అక్కడే స్టూలు మీద కూర్చుని ఆడింది.
ఇరవై. ఇరవై మూడు. నలభై.
గడియారం నేను చూశాను, తను చూడలేదు.

లేచి, డబ్బిచ్చి, మాట్లాడకుండా
ఎదురుగా ఉన్న బాత్‌సూరి కొట్టుకెళ్ళింది.
రంగులు మారే మౌసు అడిగింది.
దానివల్ల ఒక్క ఫ్రేమూ పెరగదు!
అరిచి చెబుదామని తలుపుదాకా వెళ్ళాను.

ఐదున్నరకే చీకటి, వీధి నిండా పొగ.
బాత్‌సూరి పరీక్షకని తీగ గుచ్చాడు.
ఆ పిల్ల ముఖం ఎర్రగా అయింది,
నీలంగా, ఆకుపచ్చగా,
మళ్ళీ ఎర్రగా.

వెనక్కొచ్చి కూర్చున్నాను.
బల్ల మీద ఉన్ని దిండు అలాగే ఉంది.
ఇంకా ఊడ్చలేదు.