సీసపు బిళ్ళ

ఇవాళ పొద్దున కోటు తొడుక్కుంటుంటే
జేబు చిరుగులోంచి లైనింగులోకి ఎప్పుడో జారినది
వేలికి తగిలింది.
సీసపు బిళ్ళ. బొటనవేలి గోరంత.
ఒకవైపు మా సంఘం పేరు, ఇంకోవైపు అరిగిపోయిన ఏడాది.
ప్రభువు బల్ల దగ్గరకు రావడానికి
యోగ్యులైన వాళ్ళకు మాత్రమే ఇచ్చేది.
యోగ్యులెవరో తేల్చేది మేము.
మేమంటే ఏడుగురు పెద్దలం.
ఏడుగురిలో నా గొంతు పెద్దది.

లూయిస్ దీవిలో ఆదివారమంటే మాటలు కాదు.
శనివారం పొద్దుగూకేలోపు నీళ్ళు తోడిపెట్టుకోవాలి,
బంగాళాదుంపలు చెక్కు తీసుకోవాలి,
పీట్ గడ్డలు పొయ్యి పక్కన పేర్చుకోవాలి.
మా నాన్న కోడిపుంజును కూడా గంప కింద మూసేవాడు,
దానికీ విశ్రాంతే అని.
ఊరంతా చాటుగా నవ్వేది. నేను నవ్వలేదు.

ఏటా గుడికి సున్నం వేయించింది నేనే.
కీర్తనలో మొదటి పాదం ఎత్తుకున్నది నేనే.
నా వెనక సంఘమంతా సముద్రంలా లేచేది,
ఆ సముద్రం నాదే అనుకున్నాను.
ప్రార్థనకు నిలబడితే నలభై నిమిషాలు.
ఊళ్ళోవాళ్ళ పాపాలు పేరుపేరునా అప్పజెప్పేవాణ్ణి,
ఆయన మరిచిపోతాడేమో అన్నట్టు.

ఎఫీ మెకాస్కిల్ హెర్రింగ్ చేపలు కోసే మనిషి.
వేళ్ళకెప్పుడూ గుడ్డపీలికలు, కిందంతా ఉప్పు తిన్న పుళ్ళు.
గుడిలో ఆఖరి బెంచీ, స్తంభం చాటు.
ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, మార్చిలో ఒక ఆదివారం
ఆరాధనకు పోతూ చూశాను,
ఆమె దొడ్లో తీగ మీద మగవాడి చొక్కా.
ఎఫీకి మగదిక్కు లేదు.

ముందురోజు ఒక శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది.
ఏ దేశపు నావికుడో.
మెడలో సిలువ గొలుసుంది కాబట్టి మనవాడు కాడని,
మన నేలలో చోటివ్వొచ్చా లేదా అని
ఏడుగురం రాత్రి దాకా వాదించుకున్నాం.
గడియారం పన్నెండు కొట్టగానే ఆపేశాం,
ఆదివారం వచ్చేసింది కదా.
ఆ చొక్కా అతనిది.
సోమవారం మట్టిలోకి పోయేవాడు మురికిగా పోకూడదని
ఇసుకా నూనే వదిలేదాకా ఉతికింది.
ఈ సంగతి తర్వాతెప్పుడో తెలిసిందని రాయబోయాను.
అబద్ధం. చొక్కాను చూడగానే తెలిసింది.

"విశ్రాంతి దినాన ఏమిటిది?" అన్నాను, గోడ ఇవతల నిలబడి.
ఆమె చొక్కా అంచు పట్టి చూసుకుంది.
"ఇంకా ఆరలేదండీ" అంది.

ఆ వేసవి బల్లారాధనకు
పాస్టరు ఎఫీ పేరు చేర్చి ఒక బిళ్ళ నా చేతిలో పెట్టాడు.
ఇవ్వలేదు. జేబులో వేసుకున్నాను.
ఆమె అడగనూ లేదు. అంతటి దాన్ని కానని
ఆ బల్ల వైపు ఎన్నడూ అడుగు వేయలేదట.
అడగని మనిషికి లేదన్నాను,
పైగా అదే న్యాయమని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

బిళ్ళ గుప్పిట్లో పట్టుకుని గుడికి బయల్దేరాను.
నలభై నిమిషాల మనిషికి
దారి పొడవునా ఒక్క మాటే వచ్చింది, ప్రభువా అని.
దాని వెనక రెండోది రాలేదు.

ఎఫీకి ఇప్పుడు ఎనభై దాటాయి. వారాలు గుర్తుండవు.
ఇవాళ కూడా తీగ నిండా దుప్పట్లు ఆరేసింది.
అట్లాంటిక్ వైపు నుంచి వాన నల్లగా దిగుతోంది.
ఆమె గుమ్మంలో కర్ర వెతుక్కుంటోంది.

గోడ దూకే వయసు కాదు. దూకాను.
బిళ్ళ ఏ గడ్డిలో జారిందో చూసుకోలేదు.
ఒక దుప్పటి, ఇంకొకటి, తలగడ గలీబులు,
నల్లకోటు మీద సబ్బు వాసన.
రోడ్డు మీద సంఘమంతా గొడుగులతో ఆగిపోయింది.
కొత్త పాస్టరు, కుర్రవాడు, బిగ్గరగా పిలిచాడు,
"టోర్కిల్ గారూ, ఇవాళ ఆదివారం!"

జవాబు చెప్పలేకపోయాను.
నోటి నిండా చెక్క క్లిప్పులు.