పోగు తప్పిన చోట

చికిటి దాటాక బస్సు దిగి, జీడితోటల్లోంచి
రెండు మైళ్ళు నడిస్తే
కప్పు కూలిన గుడి. పేరు లేదు.
సర్వే రిజిస్టరులో నంబరు మాత్రం ఉంది.

గుమ్మానికి ఎడంపక్క నిలబడ్డ ఆమెకి
ముక్కు లేదు, ఒక చెయ్యి లేదు.
కట్టిన చీర మాత్రం నలగలేదు.
నడుము మీద వేలెడు వెడల్పు అంచు,
అంచులో మెట్లు మెట్లుగా కుంభాలు,
తొమ్మిదో కుంభంలో ఒక మెట్టు జారింది.

మొదటి ఏడు నోటుపుస్తకంలో రాసుకున్నాను:
శిల్పి ఏమరుపాటు. క్షీణదశ.
ఆ మాట మీద ఒక సెమినార్లో
ఇరవై నిమిషాలు బతికాను కూడా.

ఈ ఏడు బరంపురం దేవాంగుల వీధి నుంచి
జగ్గమ్మని వెంటబెట్టుకొచ్చాను.
ఆటో త్రినాథ్ సాహుతో ఒడియాలో బేరమాడి
తెలుగులో తిట్టి
చిల్లర వేళ్ళ కణుపుల మీద లెక్కేసుకునే మనిషి.

బొమ్మ మొహం చూళ్ళేదు.
దండం పెట్టనూ లేదు.
వంగి, కొంగు తడిచేసి, నాచు తుడిచి
బొటనవేలి గోరుతో అంచు వెంట నడిచింది.
తొమ్మిదో కుంభం దగ్గర ఆగింది.

"ఉలి తప్పలేదమ్మా, పోగు తప్పినాది.
ఇక్కడ తప్పితే పైవరస ఇలాగే ఒరుగుతాది, సూడు.
రాయికి ఈ ఒంపు ఎలా తెలుస్తాది?
సీర ఎదర ఎట్టుకుని సెక్కినాడు ఆడెవడో."

చేతిలో కొలటేపు
దానంతటదే చుట్టుకుపోయింది.

అయితే ఒక చీర ఉండేది.
మగ్గం గుంటలో ఒకరి కాళ్ళుండేవి.
దీపం కొండెక్కిందో, దోమ కుట్టిందో,
ఉయ్యాల్లో ఎవరైనా లేచారో!
గోడ మీది శాసనంలో
అఖండదీపానికిచ్చిన గొర్రెల లెక్క ఉంది,
ఇచ్చినవాడి తాత పేరూ ఉంది.
ఈ మనిషిది ఒక్క పోగు.

శిల్పి దిద్దొచ్చు. దిద్దలేదు.
ఎందుకో నాకు తెలీదు.

"నువ్వెప్పుడైనా తప్పావా?"
"నానా? ఎడం కాలు తిమ్మిరెక్కితే
ఇక్కడే."
నవ్వింది. మగ్గం పొయ్యిలోకి పోయిందనీ
పన్నె ఒక్కటీ అటక మీదుందనీ
నాతో కాదు, రాతితో చెప్పింది.

తిరుగుదారిలో క్షీణదశ కొట్టేశాను.
దాని చోట ఏం రాయాలో తోచక
ఖాళీ ఉంచాను.
ఖాళీలో ఒక జీడి మరక, వేలిముద్రంత.
నాదో, జగ్గమ్మదో.