మూడో వరస

నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన పేర్లు
రెండు వేసవులుగా అలాగే ఉన్నాయి.
ఉగాదికి రెండ్రోజుల ముందే తొందరపడి రాశాడు కుర్రాడు:
గాత్రం, వయొలిన్, మృదంగం, వేళ ఆరున్నర.
జల్లు కొట్టి మోర్సింగ్ ఆయన ఇంటిపేరు మాత్రం కారిపోయింది.

సత్యనారాయణపురంలో ఏటా తొమ్మిది రాత్రులు పందిరి.
బస్టాండులో నాది టికెట్ల కౌంటరు.
ఆ తొమ్మిది రోజులూ కాళ్ళావేళ్ళా పడి
తెల్లవారు షిఫ్టుకి మార్చుకునేదాన్ని.
గుడివాడ, అవనిగడ్డ, చిల్లర లేదు, చిల్లర లేదు
అని అరిచి బొంగురుపోయిన గొంతుతో
ఒక మంచి గొంతు వినడానికి పోయేదాన్ని.

మూడో వరస మాది.
ఎవరూ రాసివ్వలేదు,
చేతిరుమాళ్ళు వేసి సంపాదించుకున్నాం.
ముక్కామల సోమయాజులు గారు తొడ మీద తాళం వేస్తే
పక్క కుర్చీ వణికేది. ఆ పక్క కుర్చీ నాది.
వించిపేట నుంచి సైకిలు మీద వచ్చే దర్జీ ఖాదర్ వలీ
సన్నాయి ఉన్న రోజు అత్తరు పూసుకొచ్చేవాడు,
మిగతా రోజుల్లో మిషను నూనె వాసన.
తాయారమ్మ టీచరు కేసెట్ల కాలం నుంచీ రికార్డు చేసేది.
ఆమె టేపుల్లో ప్రతి ఆలాపనకీ ముందు ఆమె దగ్గు.
ఆ దగ్గుకి అప్పట్లో ఎవరూ లేచి దూరం జరగలేదు.

ఒక ఏడు, ఆరో రాత్రి, కరెంటు పోయింది.
మైకు చచ్చింది. ఆవిడ ఆపలేదు.
ఐదొందల మందిమి ఒక్కసారి ముందుకు వంగాం,
కుర్చీలన్నీ కలిసి కిర్రుమన్నాయి.
ఇడ్లీబండి నాంచారయ్య గిన్నె మీద మూత
పసిపిల్ల మీద దుప్పటిలా కప్పాడు.
కృష్ణ మీది గాలి వచ్చి
ఆ రాగం చివరి కొసని మా వరస దాకా తెచ్చి వదిలింది.
అది సహానా అని నేను, ద్విజావంతి అని సోమయాజులు గారు.
పదకొండేళ్ళు తగువు పడ్డాం.

మొదటి ఏడు కార్యదర్శి గారు వాయిదా అన్నారు.
శ్రావణం అన్నారు, దసరా, కార్తీకం,
తర్వాత చూద్దాం అన్నారు.
ఆ చూద్దాంకి మేం ఏడాది పాటు వడ్డీ కట్టాం.
రెండో ఏడు రద్దు అన్నారు.
రద్దు నాకు కొత్త మాట కాదు, రోజూ కొట్టే ముద్ర.
టికెట్టు రద్దయితే ఖర్చులు పట్టుకుని
మిగతాది చేతిలో పెడతాం.
రాత్రులు రద్దయితే ఏ కిటికీ దగ్గర నిలబడాలి?

ఉగాది సాయంత్రం నలుగురం ఫోన్లు కలుపుకున్నాం.
తాయారమ్మ పాత టేపు పెట్టింది, ముందు దగ్గు, తర్వాత పాట.
నలుగురం తాళం వేశాం,
సమం నాలుగు ఇళ్ళలో నాలుగుసార్లు పడింది.
"వించిపేటలో ఆది తాళానికి తొమ్మిది అక్షరాలా ఏమయ్యా?"
సోమయాజులు గారికి సిగ్నలు మీద కోపం.
నవ్వీ నవ్వీ నాకు కళ్ళనీళ్ళు.

మూడు వారాలకి ఆయనే చేశారు, పెద్దాసుపత్రి నుంచి.
వెనకాల ఆక్సిజను సీసాలో బుడగలు.
"శ్రుతి పెట్టారమ్మా, విను" అన్నారు.
తర్వాత, "ఇప్పుడైనా ఒప్పుకో."
నేను ఒప్పుకోలేదు.
రేపటికి తగువు మిగలాలని.

జూన్‌లో సూదిమందుకి మున్సిపల్ బడికి పోయాను.
వేయించుకుని అరగంట కూర్చోమన్నారు.
కుర్చీ వీపు మీద తెల్లరంగు అంకె, సొట్టపడిన కాలు.
మా పందిరి కుర్చీలే ఇవి.
ఇంత ఎడంగా ఎప్పుడూ వేయలేదు వీటిని.
నాలుగు కుర్చీల అవతల ఖాదర్ వలీ,
తనే కుట్టుకున్న గళ్ళ మాస్కులో కళ్ళు మాత్రమే.
నా పక్క కుర్చీ వంక చూశాడు.
లేచి వచ్చి, జేబులోంచి చేతిరుమాలు తీసి
దాని మీద వేసి, వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

"ద్విజావంతే" అన్నాను.
నర్సు పరుగున వచ్చింది.
"ఏమ్మా, కళ్ళు తిరుగుతున్నాయా?"