మంచు గీత

ఇది మూడో మొక్క.
మొదటిదాన్ని చలి తీసుకుపోయింది.
రెండోదాన్ని ఎలుకలు.
మంచు కింద సొరంగాలు తవ్వుకొచ్చి
మొదలు చుట్టూ బెరడు కొరికి
తెల్లని వడ్డాణం తొడిగి పోయాయి.
ఏప్రిల్ దాకా నాకు తెలియనే లేదు.
చచ్చిన కొమ్మల మీద
రోజూ మొగ్గలు వెతుక్కున్నాను.

నర్సరీలో కెర్తు మూతి విరిచింది.
"కాయా పండా? ఒట్టి పువ్వు కోసం చెర్రీయా?
ఈ కెమి ఊళ్లో వద్దన్నా పెరిగే బర్చ్ ఉంది కదా."
వద్దన్నా పెరిగేది నాకెందుకు?
ముప్పై ఒక్కేళ్లు కాగితం మిల్లులో
తెల్లదనం కొలిచే బల్ల దగ్గర కూర్చున్నదాన్ని.
కిటికీ బయట ఆరు నెలలు మళ్లీ అదే తెలుపు.
ఇంకో రంగు అడగడం నేరమా?
"కురిల్ దీవులది ఒకటుంది, మొండి ఘటం" అంది చివరికి,
చెట్టుని అందో, నన్ను అందో.

గేటు పక్కన నాటాను, గాలికి కంచె అడ్డు ఉన్న చోట.
మొదలుకి ఇనుప వల చుట్టాను, ఎలుక మూతి దూరనంత సన్నంది.
నాలుగేళ్లు ఆకులతోనే సరిపెట్టింది.
నా భుజాల దాకా వచ్చింది.

ఇక తౌనో సంగతి.
మంచు తోసే బండి వాడిది.
తెల్లారుజామున నాలుగింటికి
పసుపు దీపం గిరగిరా తిప్పుకుంటూ
వీధి వీధంతా ఊడ్చి తెచ్చి
నా కంచె మీద గుమ్మరించేవాడు.
నైటీ మీదే కోటు తొడుక్కుని, పార పట్టుకుని అరిచేదాన్ని.
అద్దం దించేవాడు కాడు.
టోపీకి రెండు వేళ్లు ఆనించి
వెళ్లిపోయేవాడు, అదే ఇంకా మండేది.
మున్సిపాలిటీకి నాలుగు ఉత్తరాలు రాశాను.
ఐదోదానికి స్టాంపు కూడా అంటించాను.

ఆ జనవరిలో
సున్నాకి దిగువన ముప్పై నాలుగు.
గోడలో మేకులు టపటప పేలాయి.
గడ్డకట్టిన సముద్రం
రాత్రంతా పురిటి ఆవులా మూలిగింది.
పోయింది, మూడోదీ పోయిందనుకుని
కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను.

జూన్ మొదటి వారం.
రాత్రి ఊళ్లోకి రావడం మానేసిన రోజులు.
చెత్త పారేద్దామని బయటికొచ్చి
సంచి చేత్తో పట్టుకునే నిలబడిపోయాను.

నేల నుంచి నడుము దాకా గులాబీ రంగు,
ఆకు పట్టే సందు లేకుండా.
ఆ పైన
ఒట్టి పుల్లలు.
మధ్యన ఒక గీత, వడ్రంగి దారం పట్టి కొట్టినట్టు.
ఒక్క పువ్వూ గీత దాటలేదు.

కొలవడం పాత జబ్బు. కర్ర తెచ్చాను.
ఎనభై రెండు సెంటీమీటర్లు.
తౌనో గుట్ట ఎత్తు.
నేను బూతులు తిట్టిన ఆ మంచే
మొగ్గల మీద దుప్పటై పడుకుంది;
దుప్పటి చాలనిదంతా
గాలి తినేసింది.
గేటు వైపు మాత్రం గీత జారి
మోకాళ్ల దాకా దిగింది.
అది నా పార గీసింది.

తౌనో పార్కులో గడ్డి కోస్తున్నాడు.
యంత్రం ఆపాడు.
"కొత్త ఉత్తరమా?"
"కాదు. మంచు కావాలి."
చెవిలో దూది తీశాడు.
"ఉప్పు చల్లని వీధిది. ఇంత ఎత్తు" అని
భుజం మీద చెయ్యి పెట్టి చూపించాను.
చాలాసేపు నా చేతికేసి చూశాడు.
"చూద్దాం" అన్నాడు.
మా వైపు అది చాలా పెద్ద మాట.

ఇప్పుడు డిసెంబరు.
నాలుగింటికి పసుపు దీపం నా పైకప్పు మీద తిరుగుతుంది.
పక్క మీంచే లెక్కపెడతాను,
ఒక తోపు, రెండు,
ఆగి, వెనక్కెళ్లి, మూడు.
చెట్టు ఎక్కడుందో ఇక ఆనవాలు లేదు.
గేటు తెరుచుకోదు; కంచె మీద కాలేసి దూకి
రొట్టె తెచ్చుకుంటున్నాను, ఈ వయసులో.

ఐదో ఉత్తరం సొరుగులోనే ఉంది.
ఆవిరి పట్టి స్టాంపు ఊడదీశాను.
పూసిన రోజు
వాడికి ఒక ముక్క రాయాలి.