ఊక పడని వేళ

మిర్యాలగూడల గాలికి బరువుంటది.
మిల్లుల ఊకదుమ్ము
రేకుల మీద, చాయ గ్లాసుల మీద,
ఆరేసిన బట్టల మీద, కనురెప్పల మీద.
అందుకే మా షెడ్డుల పౌడర్ కొట్టేది
రాత్రి రెండింటికి,
పక్క మిల్లు బ్లోయర్ ఆగి
హమాలీలు బస్తాల మీద ఒరిగినంక.

అప్పటిదాక
బండి చక్రాన్ని ఉత్త చక్రం చేసే పని నాది.

టైరు ఊడదీస్తే
లోపల పోయిన వానకాలపు మట్టి,
ఒక పత్తిగింజ.
డిస్కు విప్పుత, చైను చక్రం విప్పుత.
బేరింగుకు మాత్రం మోటుదెబ్బ పనికిరాదు,
ఈ పక్క ఒకటి ఆ పక్క ఒకటి తట్టుకుంట
తాటికాయల ముంజెను
బొటనవేలు పెట్టి లేపినట్టు లేపాలె.
అది కూసున్న గుంతకు రబ్బరు బిరడా,
వాల్వు రంధ్రానికి పాత బోల్టు,
అంచులకు పచ్చ టేపు.
రంగు ఎక్కడ పడొద్దో తెలిసినోళ్లకే
రంగెయ్యనీకి వస్తదంటడు జానిపాషన్న.

ఇసుక గదిల
ఎవరో పడేసిపోయిన హెల్మెట్ నాది, మీద తడి తువ్వాల.
కంప్రెసర్ మోత చెవులకు కాదు
పండ్లకు ఇనవడ్తది.
ముందు రాలింది నలుపు.
నలుపు కింద డబ్బా స్ప్రే వెండిరంగు.
దాని కింద ఎర్ర గీత,
ఎవరో ముచ్చటపడి చేత్తో గీసుకున్నది,
ఒకచోట వంకర.
అదొక్కటి రాల్చేముందు గన్ను కొంచెం ఆపిన,
ఎందుకో.
ఆఖరుకు లోహం.
కడిగి వార్చిన బియ్యం తీరు, మెరుపు లేని తెలుపు.

ఇగ ఒట్టిచేతులు తాకొద్దు.
మా అమ్మకు సంతకం రాదు.
రెండెకరాలు పోయింది ఆమె వేలిముద్రతోనే,
కచేరీల మస్తు గట్టిగ పడ్డది ముద్ర.
ఇక్కడ వేలిముద్ర పడ్డకాడ
ఆర్నెల్లకు రంగు పొక్కిలేస్తది.
గ్లౌజులు తొడుక్కున్నప్పుడల్లా
ఆ నీలిసిరా యాదికొస్తది నాకు.

రంగుకు ముందు ఓసారి ఖాళీగనే పొయ్యిల పెడ్తం.
పోతపోసిన్నాడు లోపల ఇరుక్కున్న గాలి,
ఇన్నేండ్లు తాగిన నూనె
అన్నీ కక్కుకోవాలె.
ఏడ్సేదేదో ఇప్పుడే ఏడ్వుమని.
రంగు పడ్డంక ఏడిస్తే బుగ్గలొస్తయ్.

ఎనక చక్రం బయటికి తీస్తే
మూడో చెయ్యి మొదట్ల ఒక వెంట్రుక.
ఊదిన. పోలే.
గుడ్డతో తుడిసిన. పోయింది.
చూస్తుండంగనే మల్ల
సన్నగ, తడిగ, నూనె చెమట.
వెంట్రుక కాదు.

ఇద్దయ్యకు ఫోన్ చేసిన.
"పౌడర్ మందంగ పడ్తది గద, కప్పెయ్యి. అమ్మేదే."
"కొనేదెవరు?"
"తిప్పర్తి పోరడు. కొరియర్ సంచులు మోస్తడు."
ఇంక నేనేం అనలే.
పాషన్న లెక్కల బుక్కు దిక్కు చూసిండు.
రెండు చక్రాలకు పద్దెన్మిది వందలు,
అడ్వాన్సు ఐదొందలు,
గ్యాసు బాకీ ఇంకో పేజీల.
చెవిమీది పెన్ను తీసి మల్ల చెవిమీదనే పెట్టి
"ముందుది ఒక్కటే కొట్టు, సైదమ్మా" అన్నడు.

రెండైంది. మిల్లు ఆగింది.
కుక్కలు కూడ ఇనవడేంత నిమ్మలం.
ఎర్త్ క్లిప్పు తగిలిస్తే
పౌడర్ ఎతుక్కుంటపోయి అదే అతుక్కుంటది,
సందులల్ల, మూలలల్ల, చేతులు పోని కాడ.
దానికి మంచి లోహమేదో తెల్వది,
పగులేదో తెల్వది.
రెండొందల డిగ్రీలల్ల
పిండి తీరున్నది కరిగి
అద్దమైతది, ముఖం చూస్కోవచ్చు.
చూస్కున్న కొంచెంసేపు. ముక్కు మీద ఇసుక.

రెండోది తలుపు పక్క మొలకు ఏలాడ్తున్నది,
బిరడాలు తియ్యలే, టేపు తియ్యలే.
పగులు చుట్టు సుద్దముక్కతో గీసిన,
ఎవరన్న పొరపాటున ఎత్తుకపోతే కనవడాలె గద.
నాలుగింటికి బ్లోయర్ మొదలైంది.
తెల్లారేసరికి
సుద్దగీత మీద ఊక.
తుడిసి
మల్ల గీసిన.