ఒడ్డు పాసు లేని మనిషికి

ఓడ దిగడానికి కాగితం రాలేదు జ్లాట్కోకి.
ఏదో ముద్ర తక్కువైందట.
ఉల్లిపాయల బస్తాలు లెక్క అప్పజెప్పి
రసీదు మీద సంతకం అడుగుతుంటే
రెయిలింగు మీద మోచేతులాన్చి అడిగాడు,
ఈ ఊళ్లో మందు ఎక్కడ బాగుంటుందని.

ముప్పై ఏళ్లుగా అందరూ అడిగేదే.
దిగేవాళ్లకైతే రెండు ముక్కల్లో చెప్పి పంపేస్తాను,
ఆటోకి ఎంతివ్వాలో కూడా.
దిగలేనివాడికి ఎలా చెప్పాలి?

"నువ్వు వెళ్లవు కదా," అన్నాను.
"అందుకే, మెల్లగా చెప్పు."

గేటు దాటగానే కళ్లు తుడుచుకో, బొగ్గుపొడి.
జగదాంబ వైపు పోకు. అక్కడ ఏసీ, చీకటి,
పక్కవాడి మొహం బిల్లొస్తే గాని కనపడదు.
ఫిషింగ్ హార్బరుకి నడువు.
బోట్లు తిరిగొచ్చిన రోజైతే
మైలపిల్లి ఎర్రమ్మ పెనం మీద నెత్తళ్లు చిటపటలాడుతుంటాయి.
సీసా నీది, గ్లాసు ఆవిడది.
"ఏటి బాబూ, ఒక్కడివే వొచ్చినావేటి?" అంటుంది.
జవాబు అక్కర్లేదు, అందర్నీ అంటుంది.
అయినా కొందరు ఏడుస్తారు.

జీరుగు కల్లు మాత్రం ఇక్కడ అడక్కు.
అది అరకు కొండల్లో చెట్టు కిందే తాగాలి,
ఘాటు రోడ్డు దిగేలోపు దాని మనసు విరిగిపోతుంది.
ఒకసారి డబ్బాలో పట్టుకొచ్చాను,
అనంతగిరి మలుపులో మూత ఎగిరి
బస్సంతా నన్ను తిట్టింది, తర్వాత నవ్వింది,
తర్వాత కిటికీలు తెరుచుకుంది.

అతనూ నవ్వాడు. మగ్గులో చల్లారిన కాఫీ.
వాళ్లది రియెకా అట, అదీ రేవే.
నీళ్ల పక్క మెట్ల మీద కూచుని
మధ్యాహ్నం నుంచే తాగుతారట, అమ్మమ్మలు కూడా,
ఎవరూ ఏదీ దాచరట.
మేం దాస్తాం, అన్నాను.
నల్ల కవరులో చుట్టి, చొక్కా లోపల పెట్టి,
సీసా చప్పుడు వినపడకుండా దగ్గుతూ నడుస్తాం.
మా నాన్న దగ్గు
నాకిప్పటికీ గాజులాగే వినిపిస్తుంది.

డాల్ఫిన్స్ నోస్ మీది దీపం
ఒకసారి మా ఇద్దరి మీంచీ పోయింది.
"ఇంకా," అన్నాడు.

అప్పుడు సోల్జర్‌పేట చెప్పాను.
సందులో చెక్క మెట్లు పదహారు, తొమ్మిదోది ఊగుతుంది, చూసుకో.
పైన ఏగ్నెస్ పిన్ని.
స్టీలు గ్లాసులో రమ్ము, సగం నిమ్మచెక్క, చిటికెడు ఉప్పు.
మూడో గ్లాసు అడిగితే
"మీ ఇంట్లో ఏం వండారో కనుక్కుని రా" అని పంపేస్తుంది.
వెళ్లినవాళ్లు చాలామంది ఆ రాత్రికి మళ్లీ రారు.
కిటికీలోంచి చూస్తే ఓడలు
వీధి చివర మనుషుల్లా నడిచి పోతుంటాయి.
నీ ఓడ కూడా కనిపిస్తుంది రేపు, అన్నాను.

"ఇవాళ తెరిచి ఉంటుందా?"
"పదిన్నర దాకా."

ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది.
ఆ మేడ ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్ల గోడౌను.
అతని ఓడ తెల్లారి పోటుకి వెళ్లిపోతుంది,
నా మాట ఎక్కి చూసేదెవరు?
అబద్ధమని కూడా అనుకోలేదు,
చెబుతున్నంతసేపూ నిమ్మకాయ వాసన వచ్చింది.

సంతకం పెట్టి ఇచ్చాడు.
ఉల్లిపాయల బరువు పక్కన, పెన్నుతో,
చిన్న నిచ్చెన బొమ్మ వేసి
ఒక మెట్టుకి సున్నా చుట్టాడు.

ఇంటికెళుతూ స్కూటరు ఆపాను.
చీకట్లో లెక్కపెట్టుకుంటూ ఎక్కి
తొమ్మిదో దాని మీద నిలబడి, కొంచెం ఊగి చూశాను.
సిమెంటు చేశారు.

కిందకొచ్చి గోళీసోడా కొట్టించాను.
గోళీ లోపలికి పడింది.
రేవులో ఏదో ఓడ కూసింది.
వాళ్లది కాదు, వాళ్లది పొద్దున్న.