పదిహేను నిమిషాలకొక అంకె

మొదట్లో నెలకోసారి జీపు వచ్చేది.
ముందురోజే ఫోను వచ్చేది.
గేటుకి సున్నం కొట్టి
ఎండిన క్రోటన్లకు నీళ్లు పోసేవాళ్లం.
ఆ ఒక్కపూట మా కాలువ
అద్దంలా పారేది.

ఇప్పుడు మీటరొచ్చింది.
చట్టం ఒక సన్నటి పుల్లయి
కాలువలో మునిగి కూచుంది.
అయిదున్నరకు పైన, తొమ్మిదికి లోపల,
అంతవరకే నీళ్లు నీళ్లు.
పదిహేను నిమిషాలకొక అంకె
కర్నూలు నుంచి విజయవాడకు పోతుంది,
టికెట్టు లేకుండా, కునుకు లేకుండా.

ఆ పుల్లను కడిగేది నేను.
మందునీళ్లలో ముంచి
"ఇది ఏడు" అని దానికి నేర్పేది నేను,
ఒకటో తరగతి పిల్లోనికి
పలక మీద దిద్దించినట్టు.

మే నెల. తుంగభద్రలో బండలు తేలినాయి.
ప్లాంటులో రాత్రి ఏదో పైపు పగిలింది.
మేనేజరు అరవలేదు. మెల్లగా అన్నాడు:
"మౌలాలీ, ఒక బకెట్టు మంచినీళ్లు పెట్టు,
ఈ రాత్రికి."
పెట్టినాను.
నీలం బకెట్టు, కొళాయి నీళ్లు.
పుల్ల దాంట్లో చల్లగా మునిగి
ఏడు పాయింటు రెండు, ఏడు పాయింటు రెండు అని
జపం చేసింది.
పక్కనే కాలువ
సబ్బులాగ జారిపోతా ఉంది.

ఉరుకుందప్ప వాచ్‌మన్.
పాత పాదరసం గదిలో పద్దెనిమిదేండ్లు చేసినోడు.
పాదరసం వద్దని పైనుంచి ఆర్డరొస్తే
గదికి తాళమేసినారు, మెషిన్లు మార్చినారు.
ఆయప్ప చేతుల వణుకు
ఏ ఆర్డరులోనూ లేక
అట్లే ఉండిపోయింది.
టీ ఎప్పుడూ సగం గ్లాసే పోయించుకుంటాడు.

మూడు గంటలప్పుడు వచ్చి
బకెట్టును చూసినాడు, నన్ను చూసినాడు.
"ఈ నీళ్లు యాడికి పోతాయో తెల్సునా నీకి?
కింద మా అక్కోల్లు ఉల్లినారు పోసినారు."
అంతే.
వణికే చేతుల్తోనే
పుల్లను తీసి కాలువలో వేసినాడు.
బకెట్టును గేటుకాడ కుక్క ముందర పెట్టినాడు.

పది పాయింటు ఎనిమిది.
ఎర్రలైటు.
పదిహేను నిమిషాలు ఎంత పొడుగో
ఆ రాత్రి తెలిసింది.

పదకొండు దినాలు ఫ్యాక్టరీ మూసినారు.
పదకొండు దినాలు కూలి లేదు,
నాకీ, ఆయప్పకీ, ప్యాకింగు ఆడోళ్లకీ.
"ఆ పుల్లకేమి, దానికి కడుపా కాలా?" అని
వాళ్లు మీటరును తిట్టినారు.
ఉరుకుందప్ప తల వంచుకుని విన్నాడు.
నేనూ ఏమీ చెప్పలేదు.

పన్నెండో దినం పొద్దున్నే
పుల్లను కడుగుతా ఉంటే
వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.
"ఏడు నేర్పినావా?"
"నేర్పినా."
"మర్సిపోతాది. మళ్లా నేర్పు."